ఆ ఇంట్లో లేని రాధాబాయి

కిందటి వారం రాధాబాయి చేతికి బ్యాంకు నుంచి ఒక కవరు అందింది. క్రెడిట్ కార్డు కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తును ఒప్పుకోవడం లేదని అందులో రెండే వాక్యాలున్నాయి. ఎందుకో లేదు. నిజామాబాద్ బస్టాండుకు ఎదురుగా రాజమల్లు సేటు నడిపే ట్రావెల్స్ ఆఫీసులో ఆమె ఏళ్ల తరబడి టికెట్లు తీసే పని చేస్తోంది. దుబాయికి పోయేవాళ్లు, మస్కట్ నుంచి వచ్చేవాళ్లు అందరికీ ఆమె ముఖం తెలుసు. సేటుకు మూత్రపిండాలు చెడిపోయి దుకాణం వదులుకుంటున్నాడు. "నడుపుకుంటనంటే నీకే ఇస్త రాధాబాయి. కని దసరా లోపల నీ పేరు మీద కార్డు తెచ్చుకో. నాది నేను బంద్ జేసుకుంటున్న" అన్నాడు. ఇప్పుడు టికెట్లన్నీ కంప్యూటర్ మీదే తీయాలి. వాటి డబ్బు కార్డు మీదే కట్టాలి, కార్డు లేకపోతే కంప్యూటర్ ఉన్నా లాభం లేదు. దసరా దగ్గరికొచ్చింది. ఆ కవరును చేతిసంచిలో పెట్టుకుని రాధాబాయి బ్యాంకు మెట్లెక్కుతుండగా కిందటి సంచికలో మనం ఆగాం.

మేనేజరు ఆత్మారాం ఆమెకు కొత్తవాడేం కాదు. ఆమె జీతం ఆ బ్యాంకులోనే పడుతుంది. సేటు చెక్కులు వేయడానికి ఆమె వచ్చినప్పుడల్లా ఆయన అద్దాల గదిలోంచి తల ఊపి పలకరిస్తాడు.

"కూసోండి మేడం. సేటుకు ఎట్లున్నది?"

"డయాలసిస్ నడుస్తున్నది సార్. హైదరాబాద్‌కు పోవుడు, వచ్చుడు, గంతే."

రాధాబాయి కవరు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తెరవలేదు. పైన ఉన్న ముద్ర చూడగానే లోపల ఏముందో తెలిసిపోయింది.

"ఈ కార్డులు మా చేతుల ఉండవమ్మా. దరఖాస్తు తీసుకొని పంపుడు వరకే మా పని. ఇచ్చుడు, ఇయ్యకపోవుడు హైదరాబాద్ వాళ్లది."

"నాకెరుక సార్. కార్డు ఇయ్యుమని మిమ్మల్ని అడుగుతలేను. మల్లొకసారి చూడుమని మీరు వాళ్లకు రాయుండ్రి. నేను గదే అడుగుతున్న."

"ఒకసారి కాదన్నంక మల్ల చూడుమని ఎవరడుగుతరమ్మా? కొన్ని నెలలు ఆగి కొత్తగ పెట్టుకుంటరు."

"కొన్ని నెలలు ఆగితే నాకు దుకాణం ఉండదు. పెద్దబజార్ల ఒకాయన సేటు చుట్టూ తిరుగుతున్నడు. నేను కాదంటే రేపే తాళం చెవులు ఆయన చేతుల పడుతయి."

ఆమె లేచి వెళ్లిపోతుందని అనుకున్నాడేమో, ఆత్మారాం పక్కనున్న ఫైలు ముందుకు లాక్కున్నాడు. రాధాబాయి కదలలేదు.

"సార్, నా కసూరు ఏందో ఒక్కసారి అడిగి చెప్పుండ్రి. నేను వేసిన చెక్కు ఎన్నడన్న వాపసొచ్చిందా? జీతం సర్టిఫికెట్ తప్పున్నదా? నాలోపల తప్పుంటే లేచి ఇంటికి పోత. మల్ల ఈ మాట మీద మీ దగ్గరికి రాను. తప్పేందో తెల్వకుంట మాత్రం నేను పోలేను."

ఆమె గొంతు పెంచలేదు. అందుకేనేమో ఆయన ఫైలు మూశాడు. ఫోను దగ్గరికి జరుపుకుని హైదరాబాద్ నంబరు తిప్పాడు. ఒకరు ఇంకొకరికి ఇచ్చారు, ఆ ఇంకొకరు ఆగమన్నారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆయన ఎదురుచూస్తుంటే బయట కౌంటరు దగ్గర నోట్ల మిషను తిరిగే చప్పుడు వినిపిస్తోంది. చివరికి ఎవరో మాట్లాడారు. ఆయన దరఖాస్తు నంబరు చదివాడు. "అచ్ఛా" అన్నాడు. కాసేపు విన్నాడు. "ఎవరు చెప్పారు?" అని అడిగి రాధాబాయి ముఖంలోకి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

ఫోను పెట్టేసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మీ ఇల్లు గోల్ హనుమాన్ దగ్గరనే గదా?"

"అవును సార్. మా అత్తగారిల్లు. పెండ్లయి వచ్చినకాడికెళ్లి అండ్లనే ఉంటున్న."

"ఇంట్ల ఇంకెవరుంటరు?"

"నేను, మా అత్త. ఇంకెవరు లేరు."

"అడ్రసు చూసుకునేతందుకు వాళ్ల మనిషి మీ ఇంటికి వచ్చిండట. మీరు అప్పుడు ఆఫీసుల ఉండొచ్చు. వాకిట్ల ఒక ముసలామె బీడీలు చేసుకుంట కూసున్నదట. రాధాబాయి ఉంటదా అని అడిగితే, ఆ పేరు గల మనిషి ఈ ఇంట్ల ఉండదు అన్నదట."

రాధాబాయికి ఆ మాట ఒక పట్టాన తలకెక్కలేదు.

"వేరే ఇంటికి పోయిండేమో సార్. మా సందుల అందరు బీడీలు చేస్తరు."

"ఇంటి నంబరు సరిగనే రాసిండట. రెండోసారి గూడ అడిగిండట. గట్లాంటి మనిషి ఈడ లేదు, పో అన్నదట." ఆయన ఆ మాటలు నేల చూస్తూ చెప్పాడు. "అందుకనే కాదన్నరు. జీతం, చెక్కులు అవన్నీ సరిగనే ఉన్నయి."

ఆమె ఒళ్లో ఉన్న చేతిసంచి పిడిని గట్టిగా పట్టుకుంది. జీతం తక్కువనో, భర్త సంతకం లేదనో, ఏదో ఒక కారణం చెబుతారని దారి పొడవునా అనుకుంటూ వచ్చింది. దేనికి ఏం జవాబు చెప్పాలో కూడా కూడదీసుకుంది. ఈ మాట మాత్రం అనుకోలేదు.

"ఒక అర్జీ రాసియ్యండి" అన్నాడు ఆత్మారాం. "మనిషిని మల్ల పంపుమని నేను గూడ కింద రాస్త. కని మేడం, ఈసారి గూడ మీ ఇంట్లకెళ్లి అదే మాటొస్తే మాత్రం నేను చేసేదేం ఉండదు."

ఆయన ఇచ్చిన తెల్లకాగితం మీద ఆమె అక్కడే కూర్చుని రాసింది. మా ఇంట్లోవాళ్లు పొరపాటున చెప్పారు అని రాయబోయి, 'పొరపాటున' దగ్గర పెన్ను ఆగిపోయింది. పొరపాటేనా? కాగితం ఆయనకు ఇవ్వకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది. "రేపు తెస్త సార్" అని లేచింది.

*

ఇంటికి నడిచి వెళుతున్నంతసేపూ ఆమె మనసు ఒక్క మనిషి చుట్టే తిరిగింది. భీమ్‌గల్‌లో ఉండే ఆడబిడ్డ గంగుబాయి పోయిన నెలలోనే వచ్చి, తల్లి దగ్గర వారం ఉండి పోయింది. ఉన్నన్ని రోజులూ ఇల్లు పాతబడిందనీ, అమ్మితే మంచి ధర వస్తుందనీ అంటూనే ఉంది. రాధాబాయి వంటింట్లోకి రాగానే తల్లీబిడ్డల మాటలు ఆగిపోయేవి. అప్పుడు ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది.

కొడుకు ఇల్లు విడిచి పోయాక కోడలితో పనేముంది? పిల్లలు కూడా లేరు. మెడలో పుస్తె ఉంది గాని కట్టినవాడు ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. ఆ ముసలామెకు జ్వరమొస్తే ఖలీల్‌వాడి దవాఖానకు ఎత్తుకుపోయింది తనే. కంటి ఆపరేషన్ చేయించింది తనే. మళ్లీ పెళ్లి చేసుకొమ్మని పుట్టింటివాళ్లు బతిమాలితే, "అత్తను ఏడ పెట్టి రావాలె?" అని అడిగి వాళ్ల నోరు మూయించింది కూడా తనే. ఆ అత్తే వాకిట్లో కూర్చుని, అటువంటి మనిషి లేదు పొమ్మంది.

అత్త వెంకటవ్వ గడప పక్కన గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పొద్దు వాలినా ఇంకా వెలుతురుంది. కోడలిని చూసి, "జల్ది వచ్చినవేంది బిడ్డా? శాయ పెట్టుకో, నాకు గూడ ఇంత పొయ్యి" అంది.

రాధాబాయి చెప్పులు విప్పలేదు.

"అత్తా, ఈ నడుమ మనింటికి ఎవలన్న వచ్చిండ్రా?"

"ఎవలొస్తరు? కరెంటు బిల్లాయన వచ్చిండు."

"బ్యాంకుకెళ్లి ఎవలన్న?"

ఆకు మీద తంబాకు వేస్తున్న ముసలామె వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి. "నాకేం ఎరుక" అంది, తల ఎత్తకుండా.

"నా పేరు అడిగిండట. నేను ఈ ఇంట్ల ఉండనని చెప్పినవట."

వెంకటవ్వ ఇంకో ఆకు అందుకుంది.

"రెండుసార్లు అడిగిండట. రెండుసార్లు లేదన్నవట. అత్తా, నేను ఈ ఇంట్ల ఉండనా? మరి నేనెవల్ని? పొద్దున లేచి నీకు నీళ్లు కాగబెట్టేదెవలు?"

"మెల్లగ మాట్లాడు. సందుల వింటరు."

"విననీ! నువ్వు లేదన్నప్పుడు సందు వినలేదా?" రాధాబాయి గొంతు పెంచింది. "నాకర్థమైంది. గంగుబాయి వచ్చిపోయినకాడికెళ్లి సూస్తున్న. ఇల్లమ్మాలంటే నేను అడ్డం గదా. కాయితాల మీద నేనీడ లేకుంట చెయ్యాలె. గంతే గదా? నాతోని చెప్తే సరిపోతుండె. నా బట్టలు నేను సర్దుకొని పోదును. నాకు బతుకుదెరువు దొరికే ఆఖరి గడియల గిట్ల నోట్ల మన్ను గొట్టే పనేముండె?"

అప్పుడు వెంకటవ్వ తల ఎత్తింది. ఆమె కళ్లలో కోపం లేదు. భయం ఉంది. చాటను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. కొంత తంబాకు నేల మీద ఒలికింది. ఎప్పుడైనా చిటికెడు ఒలికితే ఏరి దాచుకునే మనిషి, ఇప్పుడు దానివైపు చూడలేదు.

"ఇల్లు నీ పేరు మీద రాస్త, రేపే నడువు రిజిస్ట్రారాఫీసుకు" అంది. "గంగు అమ్ముమన్నది. నేను బతికుండంగ అమ్మనన్న. దాన్ని అడుగు."

"మరెందుకు లేదన్నవ్?"

"వాడు గూడ గట్లనే వచ్చిండు బిడ్డా."

"ఎవడు?"

"నా కొడుకు తుకారాంగాని కోసం వచ్చినోడు."

ఆ పేరు ఆ ఇంట్లో పలికి చాలా కాలమైంది. రాధాబాయి గడప మీద కూర్చుండిపోయింది.

తుకారాం ఫైనాన్స్ తీసుకుని పాత లారీ ఒకటి కొన్నాడు. బోధన్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి చెరుకు తోలేవాడు. సీజన్‌లో రాత్రీ పగలూ తిరిగి, ఒళ్లంతా తీపి వాసనతో ఇంటికొచ్చేవాడు. తర్వాత వరుసగా కరువొచ్చింది. నిజాంసాగర్‌లో నీళ్లు లేవు, కాలువలు ఎండాయి, చెరుకు లేదు. లారీ ఖాళీగా నిలబడింది. కిస్తీలు ఆగాయి. ఆ తర్వాత ఒక పగలు ఫైనాన్స్ వాళ్ల మనుషులు వచ్చారు. రాధాబాయి అప్పుడు ఆఫీసులో ఉంది. జరిగింది ఆమె కళ్లతో చూడలేదు గాని సందులో ప్రతి మనిషీ ఆమెకు చెప్పాడు. బనీను మీదున్న తుకారాంను బయటికి ఈడ్చారు. శాయ హోటల్ ముందు నిలబెట్టి చెప్పుతో కొట్టారు. ఆడవాళ్లు చూస్తున్నారని కూడా చూడలేదు. ఆ సాయంత్రం ఇంట్లోంచి బయటికి పోయినవాడు మళ్లీ రాలేదు. బొంబాయి దగ్గర భివండిలో కనబడ్డాడని ఒకరన్నారు. గోదావరి వంతెన దగ్గర చూశామని ఒకరన్నారు. ఆ రెండో మాటను అత్తాకోడళ్లిద్దరూ మళ్లీ ఎన్నడూ నోటికి తెచ్చుకోలేదు.

"ఆ దినం వాడు లోపట పండుకున్నడు" అంది వెంకటవ్వ. "ఎవలొచ్చి అడిగినా నేను లేనని సెప్పవ్వా అని వాడు నాకు ముందుగాలనే సెప్పి పెట్టిండు. నేను సరే అన్న. అప్పుడొకాయన వచ్చిండు. మంచి బట్టలు, సంకల సంచి. నవ్వుకుంట వచ్చిండు. అవ్వా, తుకారామన్న ఉన్నడా అన్నడు. అన్న అన్నడు బిడ్డా. వాని దోస్తేమో అనుకున్న. ఉన్నడు, లోపట పండుకున్నడు, లేపుత కూసో అన్న. కుర్సీ ఏసిన. నీళ్లిచ్చిన. ఆ నీళ్లు తాగి, గిలాస నా చేతికిచ్చి, బయటికి పోయి సందు మొగదల ఉన్న ఫైనాన్సోళ్ల జీబుకు చెయ్యి ఊపిండు."

ఆమె అక్కడ ఆగింది. ఆ తర్వాతి కథ ఇద్దరికీ తెలుసు.

"లేనని సెప్పుమన్నడు. నేను మర్సిపోయిన. అన్న అన్నడని మర్సిపోయిన. నా కొడుకును నేనే సూపెట్టిన." వెంకటవ్వ ఏడవలేదు. చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. "మొన్న ఈయన వచ్చిండు. గదే సంచి, గదే నవ్వు. రాధాబాయి ఉంటదా, బ్యాంకుకెళ్లి వచ్చిన అన్నడు. నాకు కండ్లు తిరిగినయి. లేదన్న. అసొంటి మనిషే లేదన్న. నిన్ను గూడ గట్ల రోడ్డు మీదికి గుంజుకపోతరనుకున్న."

ఎదురింటి రేడియోలో ఏదో పాట వస్తోంది. రాధాబాయికి అత్త మీద ఉన్న కోపం కరిగిపోతుండగా, దాని అడుగున ఇంకొకటి కదిలింది. అది మెల్లగా పైకొచ్చింది.

"అత్తా. ఫైనాన్సోళ్లకు మా అన్న పోశన్న చెప్పిండంటివి గదా?"

వెంకటవ్వ ముఖం పక్కకు తిప్పుకుంది.

"లారీకి జమానతు సంతకం పెట్టింది మా అన్న. తన మీదికి రాకుంట నీ కొడుకు ఇంట్లనే ఉన్నడని చెప్పింది మా అన్ననే అని..."

"అన్నది నువ్వు" అంది ముసలామె, వినీ వినపడనట్టు. "నేను కాదనలే."

జక్రాన్‌పల్లిలో పసుపు పండించుకుని బతికే పోశన్న ఆ రోజుల్లో ఈ గడప ముందుకొచ్చి, "నా బిడ్డల మీద ఒట్టు చెల్లె, నేను చెప్పలే" అని చెప్పాడు. రాధాబాయి తలుపేసుకుంది. అతని పెద్దబిడ్డ పెళ్లికి పత్రిక వస్తే విప్పకుండానే వెనక్కి పంపింది. రాఖీ పండుగకు అన్న బస్టాండులో దిగి, ఆఫీసు అద్దం బయట నిలబడి చూసి, లోపలికి రాకుండా పోయాడని సేటు చెప్పినప్పుడు కూడా ఆమె కరగలేదు.

"ఎందుకు చెప్పలే?" అని అత్తను అడిగింది.

"సెప్తే నువ్వు పోతవనుకున్న. వాడు పాయె. నువ్వు గూడ పోతే నాకెవలున్నరు?"

రాధాబాయి లేచి లోపలికి వెళ్లింది. తలుపు వేసుకోలేదు. వంటింట్లో పొయ్యి వెలిగించి, శాయ పెట్టి, ఒక గిలాసలో పోసి తెచ్చి అత్త పక్కన నేల మీద పెట్టింది. చేతికి మాత్రం ఇవ్వలేదు. తను తాగలేదు కూడా.

*

మర్నాడు ఆమె తయారై బయటికి వచ్చేసరికి వెంకటవ్వ ఉతికిన తెల్ల చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఏడికి?"

"నువ్వు పోయే కాడికే. తప్పు సెప్పింది నేను. నేనే సెప్త."

ఆటోలో ఇద్దరూ చెరో పక్కకు చూస్తూ కూర్చున్నారు. బ్యాంకు మెట్ల దగ్గర ముసలామె తడబడితే రాధాబాయి చెయ్యి పట్టుకుంది. పైకి ఎక్కాక వదిలేసింది.

ఆత్మారాం కుర్చీ చూపించినా వెంకటవ్వ కూర్చోలేదు. బల్లకు దూరంగా చేతులు కట్టుకుని నిలబడింది.

"సారూ, మీ మనిషికి అబద్దం సెప్పింది నేనే. ఇది నా కోడలు. నా ఇంట్లనే ఉంటది. ఇల్లు నడిపేది గూడ గిదే. దాని కసూరేం లేదు. రాసుకోండ్రి."

"ఎందుకమ్మా అట్ల చెప్పినవ్?"

"భయమైంది సారూ."

ఆయన ఇంకేం అడగలేదు. రాధాబాయి ముందురోజు అర్ధంతరంగా ఆపిన కాగితం తీసి, ఆ 'పొరపాటున' తర్వాత మిగిలింది పూర్తి చేసి ఇచ్చింది. ఆయన కింద నాలుగు మాటలు రాసి సంతకం పెట్టాడు. మనిషిని తొందరగా పంపమని ఫోను కూడా చేస్తానన్నాడు. పని అయిపోయినట్టే అనిపించింది. కాని వెంకటవ్వ కదల్లేదు.

"సారూ, నాకొక్క మాట సెప్పుండ్రి. కార్డంటే అప్పే గదా?"

"అప్పేనమ్మా. వాడుకున్నది గడువు లోపల కట్టేస్తే ఏం కాదు."

"కట్టకపోతే?"

"వడ్డీ పడుతది."

"గది నాకెరుక. వడ్డీ గూడ కట్టకపోతే? మల్ల గట్లనే జీబుల వస్తరా మనుషులు?"

ఆత్మారాం ఆమె ముఖంలోకి చూశాడు. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పని చేసినవాడు. ఏం చెబితే ముసలామె నిశ్చింతగా ఇంటికి పోతుందో ఆయనకు తెలుసు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"మేమైతే పంపమమ్మా" అన్నాడు. "కని వసూలు పని బయటోళ్లకిస్తరు. వాళ్లు రారని నేను ఒట్టేసి చెప్పలేను."

వెంకటవ్వ కోడలి వైపు తిరిగింది. "ఇన్నవా?"

"విన్న" అంది రాధాబాయి. "అత్తా, లారీకి నీళ్లు గావాలె, చెరుకు గావాలె. నా పనికి గవేం అక్కర లేదు. టికెట్ గావలసినోడు ముందుగాల పైసలిచ్చినంకనే నేను కార్డు వాడుత. అప్పుకు తీసి ఎవలకూ ఇయ్య. మా అన్నకు గూడ ఇయ్య."

'అన్న' అనే మాట తన నోట్లోంచే వచ్చినందుకు ఆమె ఉలిక్కిపడింది. వెంకటవ్వ తల వంచుకుంది. "గట్లయితే తీసుకో" అంది.

బయటికి వచ్చాక రాధాబాయి ఎస్టీడీ బూత్ ముందు ఆగింది. జక్రాన్‌పల్లిలో అన్న నంబరు ఇప్పటికీ ఆమెకు నోటికి వచ్చు. ఫోను చేతిలోకి తీసుకుంది. మొదట ఏమనాలో తెలియలేదు. మళ్లీ పెట్టేసి, అత్తను ఆటో ఎక్కించి, ఆఫీసుకు వెళ్లింది.

*

బ్యాంకు మనిషి ఆదివారం పగలు వచ్చాడు. రాధాబాయి ఇంట్లోనే ఉంది. బండి సందులో ఆపి, సంకన సంచి సరిచేసుకుంటూ వచ్చాడు. పేరు ముత్యం అని చెప్పాడు. పాతికేళ్లుంటాయేమో. వెంకటవ్వ ఒళ్లోని చాట పక్కన పెట్టి గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"అవ్వా, యాదికున్ననా? పోయినసారి నన్ను ఎల్లగొట్టినవ్" అన్నాడు.

"ఉన్నవ్ బిడ్డా. తప్పయింది. అడుగు, ఇప్పుడు అడుగు."

"రాధాబాయి ఈడ ఉంటదా?"

"ఉంటది. నా కోడలు. అగో, ఎదురుంగ నిలబడ్డది. ఇది ఈడ ఉంటది గాదు, దీని నీడల నేను ఉంటున్నని రాసుకో."

ముత్యం నవ్వకుండా రాసుకున్నాడు. రేషన్ కార్డు చూశాడు. పక్కింటి హన్మవ్వను పిలిచి ఒక మాట అడిగాడు. "అయిపోయిందక్కా. నా తరఫునైతే మంచిగనే రాస్తున్న. మిగిలింది వాళ్లిష్టం" అన్నాడు. రాధాబాయి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగుతుంటే వెంకటవ్వ ఆ గిలాసనే చూస్తోంది. గిలాస ఖాళీ అయ్యాక కూడా సందు చివర ఏ బండీ రాకపోవడంతో ఆమె మెల్లగా కూర్చుంది.

ముత్యం కాగితాలు సర్దుకుని లేవబోయి ఆగాడు. సంచిలోంచి ఇంకొక కాగితం తీశాడు.

"అక్కా, మల్ల ఇంత దూరం ఎందుకు, ఇది గూడ అడిగి పోత. ఇది మీ బ్యాంకుది గాదు. మేము వేరేటోళ్లకు గూడ అడ్రసులు చూస్తుంటం. బోధన్ల ఒకాయన ట్రాలీ ఆటోకు లోన్ పెట్టుకున్నడు. సొంతిల్లు నిజామాబాద్‌ల ఉన్నదని రాసిండు. చూస్తే గిదే ఇంటి నంబరు." అతను కాగితాన్ని వెలుతురుకు తిప్పుకున్నాడు. "తుకారాం, తండ్రి కొమురయ్య. మీకేమైతడు? ఈడ ఉంటడా?"

వెంకటవ్వ చెయ్యి నేల మీద దేనికోసమో తడుముకుంది. చివరికి గడప దొరికితే పట్టుకుంది.

"ఎన్నడు పెట్టుకున్నడు?" అని అడిగింది రాధాబాయి.

"పోయిన వారం."

పోయిన వారం. భివండి కాదు, గోదావరి వంతెన కాదు. బోధన్. ఆఫీసులో ఆమె కుర్చీలోంచి చూస్తే కనబడే బస్సు పోయే ఊరు. ఎక్కితే గంట.

"ఈ ఇంటోడే అని మీరంటే ఆయనకు లోన్ వస్తది. లేదంటే రాదు. ఏం రాసుకోమంటరు?" ముత్యానికి వాళ్ల ముఖాలు చూసి ఏదో తప్పు జరిగిందని అర్థమైంది గాని ఏమిటో తెలియలేదు. "అవ్వా, మీరు చెప్పండ్రి. ఉంటడా, ఉండడా?"

వెంకటవ్వ కోడలి చీర కొంగును పట్టుకుని పైకి చూసింది.

"నువ్వే సెప్పు బిడ్డా" అంది. "నేను సెప్ప. ఈ ఇంట్ల ఎవలుంటరో నువ్వే సెప్పు."

రాధాబాయి గడప దిగి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. ముత్యం పెన్ను మూత తీశాడు.

"రాసుకుందువు తమ్మీ, ఆగు" అంది ఆమె. "బోధన్ల ఆయన ఏ ఇంట్ల, ఎవలతోని ఉంటున్నడో ముందుగాల ఆ కాయితంల గది సదువు."